జెట్టీ ఈనిన శనివారం

పోయిన నెలలో ఒక సెలవు రోజున మా తమ్ముడి కూతురు షాలిని నన్ను ప్రోతరాపూర్ తీసుకెళ్ళింది. లంబాలైన్‌లో నేనుండే ఇంటి నుంచి అదేమంత దూరం కాదు. అయినా మోకాళ్ళ నొప్పులని, వానలని ఏదో ఒకటి చెప్పి రెండేళ్ళుగా తప్పించుకుంటూ వచ్చాను. నాన్న పోయాక పిచ్చిమొక్కలు కమ్మేసిన ఆ చిన్న స్థలంలో షాలిని మళ్ళీ మేకల్ని, బాతుల్ని పెంచుతోందని విన్నానే గానీ కళ్ళతో చూడలేదు. గేటు తీసి లోపల అడుగు పెట్టానో లేదో, వానకు తడిసిన పనసాకుల వాసన, మేకల పాక వాసన, దోమలకని రాజేసిన కొబ్బరి పీచు పొగ, మూడూ కలిసి ముక్కుకు కొట్టాయి. నేను అక్కడే నిలబడిపోయాను. "ఏమైంది అత్తా, చక్కర్ వచ్చిందా?" అంటూ షాలిని గబుక్కున నా మోచెయ్యి పట్టుకుంది. కళ్ళు తిరగడం కాదు తల్లీ, గుండె గంతులేస్తోంది అన్నాను. అరవై దాటినదాన్ని ఒక్క క్షణంలో పదకొండేళ్ళ పిల్లనైపోయాను. చెప్పులు అక్కడే వదిలేసి బురదలోకి దిగిపోదామన్నంత ఆత్రం పుట్టింది. దిగాను కూడా.

మా నాన్నకు మిడిల్ పాయింట్‌లో ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. మేకులు, గొళ్ళేలు, తాళాలు, రంగు డబ్బాలు, పైకప్పు రేకులు. శ్రీకాకుళం వైపు పల్లెలో పుట్టి, ఇరవై ఏళ్ళకే ఓడెక్కి ఈ అండమాన్‌కి వచ్చేసిన మనిషి. కొట్లో కూర్చున్నంతసేపూ అందరిలాంటి వ్యాపారే. ప్రోతరాపూర్ బస్సు దిగి ఇంటికొచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, లుంగీ ఎగగట్టాడంటే మాత్రం వేరే మనిషి. ఇంటి వెనక అరెకరం కూడా లేని జాగాలో ఆయనకొక లోకం ఉండేది. పది పన్నెండు కోళ్ళు, ఎనిమిది బాతులు, ఒక కుందేళ్ళ జంట, చిక్కుడు పాదులు, బొప్పాయి చెట్లు, వీటన్నిటికీ పైన జెట్టీ అనే మేక. "ఇవన్నీ ఎందుకు భయ్యా, కొట్టు చాలదా?" అని ఎవరైనా అడిగితే ఒక్కటే మాట: "సరదా." ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూడాలి. మిఠాయి దొరికిన పిల్లాడి ముఖం.

జెట్టీ మా ఇంటికి వచ్చిన తీరే ఒక వింత. దీవుల మధ్య తిరిగే ఓడలో కొట్టుకు రావలసిన రంగు డబ్బాలు తెచ్చుకుందామని నాన్న ఓడలు ఆగే జెట్టీకి వెళ్ళాడు. అదే ఓడలో హట్‌బే నుంచి ఒక కుటుంబం దిగింది. వాళ్ళు ఇల్లు ఎత్తేసి మెయిన్‌లాండ్‌కి పోతున్నారట. అక్కడికి పోయే పెద్ద ఓడలో మేకను ఎక్కించనివ్వరు. ఏం చెయ్యాలో తోచక తాడు పట్టుకుని నిలబడ్డారు. సాయంత్రం నాన్న ఇంటికి వచ్చేసరికి భుజం మీద డబ్బాల్లేవు, వెనక గోధుమరంగు మేక ఉంది, నుదుట తెల్ల చుక్కతో.

"ఏటండీ ఇది? రంగు డబ్బాలకని వెళ్ళి మేకని తెచ్చేరా?" అంది అమ్మ వరండాలోంచే.

"డబ్బాలు రేపు తెత్తాను మేరీ. అవి ఎక్కడికి పోతాయి? ఇది సూడు, జెట్టీ మీద నిలబడి నా కేసే సూత్తంది. అందర్నీ వదిలేసి నా కేసే!"

అందుకే దానికి జెట్టీ అని పేరు పడింది. అమ్మ మాత్రం చాలాకాలం దాన్ని "మీ నాన్న మేక" అనే అనేది.

అమ్మది విశాఖపట్నం. మిషన్ స్కూల్లో చదువుకుంది, కుట్టుపని నేర్చింది, గంజి పెట్టని చీర కట్టేది కాదు. ఆమెకు జంతువుల మీద కోపమేమీ లేదు, వాటి వాసన పడేది కాదు, అంతే. పాకలోంచి వచ్చినవాళ్ళు వరండా మెట్టు ఎక్కే ముందు నీళ్ళ డ్రమ్ము దగ్గర కాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కోవాలన్నది ఆమె చట్టం. వేసవిలో కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే కాలంలో కూడా ఆ చట్టానికి సడలింపు లేదు. ఆదివారం తెలుగు ఆరాధనకు వెళ్ళేముందు నన్ను మూడుసార్లు రుద్ది తోమేది. ఒకసారి చర్చిలో మా పక్కన కూర్చున్న టీచరమ్మ ఒకావిడ నా జడ వైపు వంగి, మళ్ళీ నిటారుగా కూర్చుని, నెమ్మదిగా చేతిరుమాలు ముక్కు దగ్గర పెట్టుకుంది. పక్క వరసకు జరిగింది కూడా. నాకేమీ అనిపించలేదు గానీ అమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నుంచి మా ఇంట్లో మేక ఉందన్న సంగతి చర్చి వాళ్ళ దగ్గర ఎత్తకూడదని నాకు గట్టిగా చెప్పింది.

నాకైతే ఆ పాకే స్వర్గం. తెల్లవారుజామునే నా పని బూట్లు దులపడంతో మొదలయ్యేది. అండమాన్ జెర్రి అంటే మామూలు జెర్రి కాదు, జానెడు పొడవుంటుంది, కుట్టిందంటే పెద్దవాళ్ళు కూడా ఏడుస్తారు. దానికి బూట్లలో పడుకోవడం మహా ఇష్టం. అందుకని రెండు బూట్లూ తిరగేసి, గోడకేసి కొట్టి, అప్పుడు కాళ్ళు పెట్టాలి. ఆ తర్వాత నత్తల వేట. వానాకాలంలో మా చిక్కుడు పాదుల మీద పిడికిలంత నత్తలు పడేవి, ఒక్క రాత్రిలో పాదంతా తినేసేవి. నాన్న ఎన్నో ఉపాయాలు చేసి ఓడిపోయి, చివరికి ఎనిమిది బాతుల్ని తెచ్చాడు. నేను చీకటి పూర్తిగా విడవకముందే బకెట్టు పట్టుకుని ఆకుల కింద నత్తల్ని ఏరుకొచ్చేదాన్ని. నాన్న వాటిని రాయి మీద చితక్కొట్టేవాడు. ఆ టక్ అన్న మొదటి చప్పుడుకే బాతులు ఎనిమిదీ మెడలు ముందుకు చాపి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, బురదలో జారి పడుతూ పరుగెత్తుకొచ్చేవి. నాన్న పగలబడి నవ్వేవాడు. "ఒలే రూతూ, సూడే, సూడే, ఆ నల్లదాని తొందర సూడు!" ప్రతి రోజూ అదే దృశ్యం, ప్రతి రోజూ అదే నవ్వు. ఒక్కనాడైనా ఆయనకు విసుగు పుట్టలేదు.

బాతుల తర్వాత జెట్టీ వంతు. పనసాకు కొమ్మలు పాక దూలానికి కట్టాలి, కింద పడేస్తే తినదు, అంత షోకు. కింద పరిచిన వెదురు బద్దల మీద పెంటికలు ఊడ్చి బొప్పాయి మొదళ్ళలో పొయ్యాలి. గిట్టల సందుల్లో బురద చేరితే పుల్లతో తియ్యాలి. ఆదివారం చర్చిలో పాడిన కీర్తనను నాన్న వారమంతా ఈల వేస్తూ ఈ పనులు చేసేవాడు. జెట్టీ నెమరు వేస్తూ వినేది. దాని పొట్ట పెరుగుతున్నకొద్దీ నాన్న దాని పక్కన కూర్చుని అరచెయ్యి ఆనించి, నా చెయ్యి కూడా లాగి ఆనించేవాడు. లోపల ఏదో చిన్నగా తన్నేది. ఆ తన్ను తగిలినప్పుడు నాకు నోట్లోంచి కేక వచ్చేసేది.

ఇక ఆ శనివారం. నాలుగు రోజులుగా వాన ఆగలేదు. కొట్టుకు రేకులు తెచ్చిన ఓడ హాడో వార్ఫుకు చేరిందని కబురొస్తే నాన్న మొదటి బస్సుకే వెళ్ళిపోయాడు. వెళ్తూ "జెట్టీకి ఇంకా వారం పడుద్ది. అయినా ఓ కన్నేసి ఉంచు గుంటా" అన్నాడు. ఆయన వెళ్ళిన గంటకు రోడ్డు మీద పెద్ద చెట్టు కూలి బస్సులు ఆగిపోయాయని తెలిసింది. ఫోన్లు లేని రోజులు. పశువుల డాక్టరు ఊళ్ళో ఉన్నాడు, ఊరు చెట్టుకు అవతల ఉంది.

పదిగంటలకు జెట్టీ మేత మానేసింది. గిట్టతో నేల గీకడం, పడుకోవడం, లేవడం, పొట్ట వైపు తిరిగి చూసుకోవడం. మధ్యాహ్నానికి ఉమ్మనీరు పోయింది. అది ముక్కుతోంది, మూలుగుతోంది, ఏమీ రావడం లేదు. చాలాసేపటికి ఒక చిన్న మూతి, ఒక్క గిట్ట బయటికి కనిపించాయి. తర్వాత ఎంత ముక్కినా అంతే. నేను వానలో పరుగెత్తి పక్క జాగాలో ఉండే సోమ్రా కాకాను పిలుచుకొచ్చాను. ఆయన రాంచీ వైపు నుంచి అడవి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ముసలాయన. ఇంటి నిండా మేకలతో పెరిగినవాడు. కాకా వంగి చూసి నాలుక చప్పరించాడు.

"ఏక్ పైర్ అటక్ గయా. ఒక కాలు లోపల మడత పడిపోయింది బిటియా. అది సీదా చెయ్యకపోతే పిల్లా పోతది, తల్లీ పోతది." తన చేతులు చాపి చూసుకున్నాడు. గొడ్డలి పట్టీ పట్టీ రాళ్ళయిన పెద్ద చేతులు. వాటిని పక్కకు దించి నా వైపు చూశాడు. "హాథ్ దిఖా. నీ చెయ్యి చూపించు."

నేను చెయ్యి చాపాను. నాకు వెంటనే అర్థమైంది. భయం వేసిందని చెప్పాలి, వేసింది కూడా. కానీ దాని కింద ఇంకేదో ఉంది. పరుగు పందెంలో గీత దగ్గర నిలబడి ఈల కోసం ఎదురుచూసేటప్పటి గుబగుబ లాంటిది.

"అది చిన్నపిల్ల కాకా! దానికేం తెలుసు?" అమ్మ గొంతు. తమ్ముణ్ణి ఉయ్యాల్లో నిద్రపుచ్చి వచ్చి వరండా మెట్టు మీద నిలబడి ఉంది. మర్నాటి చర్చికని ఇస్త్రీ చేస్తున్న తెల్ల చీర ఇంకా చేతిలోనే ఉంది.

"దీదీ, చిన్న చెయ్యే కావాలి" అన్నాడు కాకా.

జెట్టీ అప్పుడు అరిచింది. మామూలుగా మేక అరిచే అరుపు కాదది. అమ్మ చీరను వరండా కుర్చీ మీద పడేసింది. "ఎంతసేపట్నుంచి నొప్పులు పడుతోంది?" అంది. పొద్దుట్నుంచి అన్నాను. అమ్మ లోపలికి వెళ్ళింది. రెండు నిమిషాల్లో వేన్నీళ్ళ గిన్నె, సబ్బు, కొబ్బరి నూనె సీసా, కుట్టుపని కత్తెర పట్టుకుని, చెప్పులైనా లేకుండా బురదలోకి దిగి వచ్చింది. నా గోళ్ళు మొదలంటా కత్తిరించింది. మోచేతి దాకా సబ్బుతో తోమి నూనె రాసింది. ఆ తర్వాత పాకలో పెంటికల మధ్య కూలబడి జెట్టీ తలను తన ఒళ్ళోకి తీసుకుంది.

"ఓర్చుకో తల్లీ. నాకు తెలుసు. ఇంకొంచెం ఓర్చుకో" అని దాని చెవి దగ్గర చెప్పడం మొదలుపెట్టింది. నాతో ఎప్పుడూ అంత మెత్తగా మాట్లాడిన గుర్తు లేదు నాకు.

కాకా నా వెనక కూర్చుని ఒక్కొక్క మాటే చెప్పాడు. "అది ముక్కేటప్పుడు ఆగు. జోర్ మత్ లగా, బలవంతం చెయ్యకు. ఊపిరి వదిలినప్పుడు తలని లోపలికి నెట్టు, నెమ్మదిగా." నేను నెట్టాను. లోపల ఎంత వేడి! ఎంత ఇరుకు! నా వేళ్ళకు ముందు మెడ తగిలింది, తర్వాత భుజం, ఇంకా కిందికి పోతే తడిసిన బొచ్చు కింద పుల్లలాంటి ఎముక. "మోకాలు!" అని అరిచాను. "దొరికింది కాకా, మోకాలు దొరికింది!" జెట్టీ మళ్ళీ ముక్కింది, నా చెయ్యి ఎముకల మధ్య నలిగిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెయ్యి తియ్యకే రూతూ" అంది అమ్మ, నా కళ్ళలోకి చూస్తూ. తియ్యలేదు. నొప్పి వదిలాక కాకా చెప్పినట్టు గిట్టను అరచేతిలో దాచుకుని, లోపల గీసుకోకుండా, కొంచెం కొంచెంగా ముందుకు లాగాను. ఒక్కసారిగా కాలు సాగి నా చేతిలోకి వచ్చేసింది. రెండు గిట్టలు, మధ్యలో మూతి. "అబ్ ఖీంచ్! కిందికి, కిందికి లాగు!" జెట్టీ ముక్కింది, నేను లాగాను, అమ్మ యేసు పేరు పెట్టి గట్టిగా అరిచింది, పిల్ల జారి నా ఒళ్ళో పడింది. నేను వెల్లకిలా బురదలో పడ్డాను.

పిల్లలో చలనం లేదు. తడిగుడ్డలా ఉంది. కాకా దాని నోట్లో వేలు పెట్టి జిగురు తీసి, గడ్డిపరక ముక్కులో దూర్చి తిప్పాడు. ఏమీ లేదు. వెనక కాళ్ళు పట్టుకుని అటూ ఇటూ ఊపి మళ్ళీ కింద పెట్టాడు. అమ్మ దాన్ని లాక్కుని తన చీర చెంగుతో రుద్దడం మొదలుపెట్టింది. వీపు, పక్కటెముకలు, గట్టిగా, ఆదివారం నన్ను తోమినట్టే. పిల్ల తుమ్మింది. ఎంత చిన్న తుమ్మో! ఆ తుమ్ముకు ముగ్గురం ఒకేసారి కేకలు పెట్టాం. నేను పాకలోనే గెంతాను, దూలానికి తల కొట్టుకుంది, అయినా గెంతుతూనే ఉన్నాను. మేమిలా ఉండగానే రెండోది ఎవరి సాయమూ అడగకుండా తనంతట తానే వచ్చేసింది.

నాన్న సాయంత్రం కూలిన చెట్టు దాటి, నడుచుకుంటూ, నిలువునా తడిసి వచ్చాడు. పాకలో అమ్మ కూర్చుని ఉంది. జుట్టు విడిపోయి, చీరంతా మాయ మరకలతో, ఒళ్ళో చిన్న పిల్లకు పొదుగు అందిస్తూ. నాన్న గుమ్మంలో నిలబడి ఆమెనే చూశాడు.

"నువ్వా మేరీ?"

"నేనూ, మీ కూతురూనూ. మీరు లేకపోవడమే మంచిదయింది" అంది అమ్మ. నాన్నకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయన్న సంగతి నాకు ఆ సాయంత్రమే తెలిసింది. ఆయన నవ్వడానికి నోరు తెరిచి, ఏడ్చేశాడు. తర్వాత చాలా రోజులు "నేను లేనప్పుడే రావాలా మీరు?" అని ఆ పిల్లల్ని నిలదీస్తూ ఉండేవాడు.

షాలిని పాకలో ఇప్పుడు ఆరు మేకలున్నాయి. చెవులకు పసుపు బిళ్ళలు, కింద రబ్బరు పరుపులు, పైన ట్యాంకు, గొట్టం తిప్పితే నీళ్ళు. మిడిల్ పాయింట్‌లో తను పనిచేసే ఆఫీసులో కూర్చునే ఫోన్లో పాకను చూసుకుంటుంది. మేక కాస్త దగ్గినా డాక్టరుకు వీడియో పంపుతుంది, ఆయన అయిదు నిమిషాల్లో జవాబిస్తాడు. నాకు అసూయ వేసిందంటే అబద్ధం కాదు. మా రోజుల్లో తెలియక, వైద్యం అందక పోగొట్టుకున్న మేకపిల్లలు ఎన్నో. ఆ తర్వాతి వానాకాలంలోనే రెండు పోయాయి, నేను అన్నం మానేశాను. అవన్నీ షాలిని చేతిలో అయితే బతికేవి. ఆ రోజులతో పాటు ఏం పోయిందా అని వెతుక్కుంటే నాకు ఒక్కటే దొరికింది. అప్పుడు ఒక మేక ఈనడానికి రెండిళ్ళ మనుషులు కావలసి వచ్చేది. కాకా పోయాక ఆ జాగాలో మేడ లేచింది, అందులో ఎవరుంటారో షాలినికి పేరు తెలియదు. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు, అందుకని ఈ రాసిందంతా నేనే చదివి వినిపించాలి. "పూరా చదువు అత్తా, కట్ చెయ్యకు, నానమ్మ చర్చిలో ఏం చేసిందో అది కూడా పెట్టు" అని ముందే షరతు పెట్టింది.

పెడుతున్నాను. మర్నాడు ఆదివారం అమ్మ నన్ను మూడుసార్లు కాదు, ఆరుసార్లు తోమింది. అయినా వేళ్ళ సందుల్లో ఆ వాసన పోలేదు. కొబ్బరి నూనె, రక్తం, మేక కలిసిన వాసన. చర్చిలో ఆ చేతిని గౌను మడతల్లో దాచుకుని కూర్చున్నాను. పాటలయ్యాయి. దేవుడు చేసిన మేళ్ళకు సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి అన్నారు పాస్టరుగారు. ఎప్పుడూ లేచేవాళ్ళే లేచారు, జ్వరం తగ్గిందని ఒకరు, ఓడ క్షేమంగా చేరిందని ఒకరు. అమ్మ ఏనాడూ లేచింది కాదు. ఆ రోజు లేచింది.

"నిన్న మా ఇంట్లో మేక ఈనిందండి" అంది అమ్మ.

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ముందుకు పాకింది. రుమాలు టీచరమ్మ తల తిప్పి చూసింది. అమ్మ చెవులు ఎర్రబడ్డాయి గానీ కూర్చోలేదు.

"నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో మేక ఉందని మీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు నేను. సిగ్గుపడ్డాను. నిన్న అది చచ్చిపోయేది. రోడ్డు లేదు, డాక్టరు లేడు, ఇంటి మగమనిషి లేడు. దేవుడు పక్కింటి కాకాను పంపేడు. ఇదిగో, ఈ చేతిని పంపేడు." గౌనులోంచి నా చేతిని లాగి, అందరికీ కనిపించేలా పైకెత్తింది. గోటి కింద ఇంకా ఎర్రగా ఉంది. "మూడు ప్రాణాలు నిలబడ్డాయి. ఈ చెయ్యి ఇంకా వాసన వస్తోంది. రానీండి."

పాస్టరుగారు ఆమెన్ అన్నారో, పెద్దగా నవ్వారో నాకు గుర్తులేదు, రెండూ చేసినట్టున్నారు. చర్చి దద్దరిల్లేలా మోగిన చప్పట్లు మాత్రం గుర్తున్నాయి. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా అమ్మ చుట్టూ మూగారు. రుమాలు టీచరమ్మ నా దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల ఎలా ఉంటుందే?" అని చెవిలో అడిగింది. చెప్పడానికి నేను నోరు తెరిచానో లేదో, అమ్మ నన్ను రెక్క పట్టుకుని బయటికి లాగింది. మామూలుగా అయితే చర్చి మెట్ల మీద గంటసేపు కబుర్లు చెప్పే మనిషి.

"ఆ రెండోదానికి పాలు సరిగ్గా అందట్లేదు. ఇంటి దగ్గర మీ నాన్న ఒక్కరూ పట్టించలేరు. బేగి నడు!"

బస్సు దిగిన దగ్గర్నుంచి అమ్మ పరుగే. తెల్ల చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, ఆదివారం చెప్పులు ఇంకో చేత్తో పట్టుకుని, బురద చింది వీపుదాకా పడుతున్నా వెనక్కి చూడకుండా పోతోంది. ఆగమని అరుస్తూ నేను వెనకాల. ఎంత పరుగెత్తినా అందుకోలేకపోయాను.